నిర్మాణ శిలల భూరసాయన శాస్త్రం: డాక్టరేట్ పరిశోధన

కట్టడాలకు వాడే రాళ్లలో ఏ ఖనిజాలు, ఏ మూలకాలు ఉన్నాయి, కాలం గడిచేకొద్దీ అవి ఎలా మారతాయి అన్నది ఈ శాఖ పరిశీలించే విషయం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీని వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ, శాస్త్రరీత్యా అది గాబ్రో కుటుంబపు శిల. పాలిష్ పట్టిన పలకను వెలుతురులో అటూ ఇటూ వంచితే మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ స్ఫటికాలు.

పరిశోధనకు ఎక్కువ చోటున్నది రాయి చెడిపోయే తీరులోనే. గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి పాలరాతి పైపొరను జిప్సంగా మారుస్తుంది. అది మసిని పట్టుకుని నల్లని పెచ్చు కడుతుంది. కంకరలోని కొన్ని రకాల సిలికా సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి, నీరు పీల్చి ఉబ్బే జెల్‌గా మారి కాంక్రీటును చీలుస్తుందని అమెరికా ఇంజినీరు థామస్ స్టాంటన్ 1940లో చూపాడు. ఏ క్వారీ కంకరతో ఎంత ముప్పో ముందే తేల్చడం ఆనకట్టలకు, వంతెనలకు ప్రాణావసరం. రాయి పుట్టుకను గుర్తించడం మరో దిశ: పాత శిల్పాల పాలరాయి ఏ గనిదో కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల ఆధారంగా వెతుకుతారు.

భారతదేశంలో భూశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పొందడం ఈ డాక్టరేట్‌కు ప్రధాన మార్గం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో భూరసాయన ప్రయోగశాలలు, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో భూశాస్త్ర విభాగాలు ఉన్నాయి.