అందరికిని తెరువబడిన బాట

మీ ఊరి చెరువు కట్టమీదుగా పోవు బాట ఒకటి ఉండియుండును. దానిని మొదట వేసినవారెవరో మీరెరుగరు. మీ తాతలు నడిచిరి, మీరును నడుచుచున్నారు. ఎవరైన దానికి అడ్డముగా ముండ్లకంప వేసిననాడే ఆ బాట విలువ మనకు తెలియును. దూరదేశమున ఒక సరస్సు చుట్టునున్న బాటకు అట్టి దినమే వచ్చెను. ఆ చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము. ఓపికతో చదువుడి.

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున, కంబ్రియా కొండల నడుమ, కెస్విక్ అను చిన్న పట్టణము కలదు. దాని ప్రక్కనే డెర్వెంట్‌వాటర్ అను సరస్సు ఉన్నది. దాని పొడవు సుమారు 3 మైళ్లు, వెడల్పు సుమారు 1 మైలు. ఉత్తరమున 931 మీటర్ల ఎత్తుగల స్కిడా కొండయు, పడమట క్యాట్‌బెల్స్ కొండయు నిలిచియున్నవి. దక్షిణమున బారోడేల్ లోయనుండి డెర్వెంట్ నది వచ్చి సరస్సులో కలిసి, ఉత్తరమున మరల బయలుదేరి పోవును. మన తెలుగు బైబిలులో సింధూరవృక్షమని చెప్పబడిన ఓకు జాతి చెట్లు ఒడ్డువెంబడి అడవిగా పెరిగియున్నవి.

ఈ సరస్సు చుట్టు నడుచుటకు సుమారు 10 మైళ్ల బాట కలదు. చుట్టు కొండలున్నను బాట మాత్రము చాలవరకు చదునైనదే. దక్షిణపు కొనయందు నేల బురదగా నుండుటచేత అక్కడ పలకలు పరచియున్నారు. అంత దూరము నడువలేనివారు సగము నడిచి, మిగిలిన సగము పడవమీద తిరిగి రావచ్చును. ముసలివారికిని చిన్నపిల్లలకును పట్టణము నుండి ఫ్రయర్స్ క్రాగ్ అను రాతి కొనవరకు పోవు చిన్న బాట కలదు. ఫ్రయర్ అనగా సన్యాసి. సన్యాసులు అక్కడనే పడవ ఎక్కి దీవికి పోవుచుండిరి గనుక ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు.

ఆ దీవి ఏది? సరస్సు నడుమనున్న సెయింట్ హెర్బర్ట్ దీవియే. 7వ శతాబ్దమున హెర్బర్ట్ అను భక్తుడు అందులో ఒంటరిగా ప్రార్థనలో కాలము గడిపెను. ఇతనికి కట్‌బర్ట్ అను ప్రాణస్నేహితుడుండెను. ఏటేట హెర్బర్ట్ ఆయనను కలిసికొని ఆత్మీయమైన మాటలు వినుచుండెను. ఒకసారి కార్లైల్ పట్టణమున కలిసికొన్నప్పుడు కట్‌బర్ట్ తన మరణము సమీపించినదని చెప్పగా, హెర్బర్ట్ కన్నీటితో, తామిద్దరు ఒక్కమారే లోకము విడుచునట్లు ప్రార్థింపుమని వేడుకొనెను. క్రీ. శ. 687 మార్చి 20వ తేదీన ఆ ఇద్దరును ఒకే దినమున ప్రభువునొద్దకు చేరిరని బీడ్ అను చరిత్రకారుడు వ్రాసెను. 1374లో కార్లైల్ బిషప్పు ఆజ్ఞచేత ఏటేట ఆ దీవిలో ఆరాధన జరుగునట్లు ఏర్పాటాయెను. ఇట్లు ఈ ఒడ్డున బహుకాలము క్రిందటనే భక్తుల అడుగులు పడెను.

అయితే భక్తుల అడుగులు మాత్రమే పడలేదు. 16వ శతాబ్దమున ఎలిజబెత్ రాణి కాలములో రాగి త్రవ్వుటకు జర్మను దేశపు పనివారు కెస్విక్‌కు రప్పింపబడిరి. రాగి కరగించుటకు బొగ్గు కావలెను, బొగ్గుకు కట్టె కావలెను. అందుచేత అడవి తరిగిపోయెను. తరువాత 1716లో ఈ సీమకు ప్రభువైన డెర్వెంట్‌వాటర్ ఎర్లు రాజద్రోహ నేరముపై శిరచ్ఛేదము పొందగా, ఆయన ఆస్తి కొంతకాలమునకు గ్రీనిచ్ నావికుల ఆసుపత్రికి చెందెను. ఆ 18వ శతాబ్దముననే ఒడ్డునున్న మహావృక్షములు కలపకొరకు నరికివేయబడెను. కాబట్టి ఈనాడు కనబడు అడవి ఆదినుండి చెక్కుచెదరక నిలిచినది కాదు. పోగొట్టుకొని, మరల నాటి, కాపాడుకొన్న అడవి అది.

1865లో కెస్విక్‌కు రైలు వచ్చెను. వారమంతయు మిల్లులలో పొగ పీల్చిన కూలివారు సెలవు దినమున ఈ కొండగాలికి రాగలిగిరి. 1875లో కెస్విక్ గురువైన హార్‌ఫర్డ్ బాటర్స్‌బీయు, రాబర్ట్ విల్సను అను క్వేకరు పెద్దయు గుడారము వేసి ఆత్మీయ కూటములు ప్రారంభించిరి. అవియే కెస్విక్ సభలు. ఆ సభల పోషణతో బయలుదేరిన ఏమీ కార్‌మైకేల్ అమ్మగారు 1895లో మన దక్షిణ దేశమునకు వచ్చి, డోనవూరులో అనాథ బిడ్డలను పెంచుచు 1951లో అక్కడనే కన్నుమూసిరి.

జనులు వచ్చుట ఎక్కువైన కొలది భూస్వాములలో కొందరు తమ తోటలగుండ పోవు పాత బాటలకు కంచెలు వేయసాగిరి. 1883లో క్రాస్త్వైట్ సంఘమునకు హార్డ్‌విక్ రాన్‌స్లీ అను గురువు వచ్చెను. అదే సంవత్సరమున పలకరాయి గనులవారు సరస్సు పడమటి ఒడ్డున రైలుమార్గము వేయదలచగా, ఆయన దేశమంతట ఉత్తరములు వ్రాసి ఆ యత్నమును ఆపించెను. పిమ్మట బాటలను కాపాడు సంఘమునకు అధ్యక్షుడాయెను.

1887లో జరిగినది వినుడి. పడమటి ఒడ్డున ఫా పార్కు అను ఆస్తిలోని బాటను మూసివేయగా, కొన్ని వందలమంది కలిసి వెళ్లి అడ్డములు తీసివేసి దానిమీద నడిచిరి. అక్టోబరు 1వ తేదీన పట్టణమునకు ఎగువనున్న లాట్రిగ్ కొండకు సుమారు 2,000 మంది నడిచిపోయిరి. వారికి ఆ కొండను స్వంతము చేసికొనవలెనను కోరిక లేదు. తమ తండ్రులు నడిచిన బాటలో నడువవలెననియే కోరిరి. మరుసటి సంవత్సరము వ్యాజ్యెము కార్లైల్ న్యాయస్థానమునకు వచ్చి రాజీతో ముగిసెను. శిఖరమునకు పోవు బాట ప్రజలదని ఒప్పుకొనబడెను గాని, వారు కోరిన ఇంకొక బాటను వదలుకొనవలసి వచ్చెను.

ఒక్కొక్క బాటకై కోర్టుకెక్కుట ఎంత కాలము సాగును? ఒకని కంచె తీయించిన మరియొకడు వేయును. నేలనే ప్రజల పక్షమున ధర్మకర్తలచేతిలో ఉంచినగాని క్షేమము లేదు. ఆ తలంపుతో రాన్‌స్లీ, పేదల ఇండ్లకొరకు పాటుపడిన ఆక్టేవియా హిల్ అమ్మగారు, న్యాయవాదియైన రాబర్ట్ హంటర్ గారు కలిసి 1895లో నేషనల్ ట్రస్టు అను సంస్థను స్థాపించిరి. 1907 నాటి చట్టముచేత, అమ్మకూడనిదని ఆ సంస్థ ప్రకటించిన నేలను ఇక ఎవరికిని అమ్మవీలులేకుండ ఏర్పడెను.

ఈ సరస్సు సీమలో ఆ సంస్థ మొదట కొన్న నేల పడమటి ఒడ్డున బ్రాండెల్‌హౌ అను 108 ఎకరముల అడవి. ధర 6,500 పౌనులు. ధనికులే ఇచ్చిరనుకొనకుడి. షెఫీల్డు పట్టణపు ఫ్యాక్టరీ కూలివాడొకడు తన కొద్ది సొమ్ము పంపుచు, తాను ఆ సరస్సులను చూడగోరెను గాని ఇక చూడలేననియు, ఇతరులైనను చూచునట్లు ఇది ఇచ్చుచున్నాననియు తెలియజేసెను. ప్రియులారా, ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడి. తాను ఎన్నడును నడువని బాటకై అతడు ఇచ్చెను. దేవాలయపు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలు మీకు జ్ఞాపకము వచ్చుట లేదా? 1902 అక్టోబరులో విక్టోరియా రాణి కుమార్తె లూయీసు ఆ అడవిని ప్రజలకు తెరిచెను. రాన్‌స్లీ 1920లో మరణించెను. ఆయన జ్ఞాపకార్థము 1922లో ఫ్రయర్స్ క్రాగ్ కూడ ట్రస్టుకు ఇవ్వబడెను. 1951లో ఆ ప్రాంతమంతయు జాతీయ వనమాయెను. 2017లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ఎంచెను.

ఈ చరిత్ర మనకేల? మన పల్లెలలోను బాటలున్నవి. గుడికి పోవు బాట, చెరువుకు పోవు బాట, అన్నిటికంటె ముఖ్యముగా మన మృతులను మోసికొనిపోవు శ్మశానపు బాట. కొన్నిచోట్ల సరిహద్దు గట్టు ఏటికొక జానెడు జరిగి, బండి పోయిన పుంత మనిషి పోవు సందుగా మారుచున్నది. పాడె మోయువారు పక్క చేనిలో దిగవలసి వచ్చిననాడు తగవు పుట్టును. ఆ దుఃఖ దినమువరకు ఊరకుండుట జ్ఞానము కాదు. గ్రామ పటములో మీ బాట పుంతగానో డొంకగానో చూపబడియున్నదేమో ముందుగా కనుగొనుడి. ఉన్నయెడల సంఘమంతయు కలిసి, కోపము లేక, వ్రాతమూలముగా అధికారులకు తెలుపుడి. చేనివానితో మొదట మీరే సమాధానముగా మాటలాడుడి. ఏటికొకసారి యౌవనస్థులు పారలు పట్టుకొని ఆ బాటను బాగుచేయుదురు గాక. నడువని బాట గడ్డిపట్టును. గడ్డిపట్టిన బాటను దున్నుకొనుట సులభము.

పాడైన త్రోవలను బాగుచేయువారికి మంచి పేరు కలుగునని యెషయా ప్రవక్త 58వ అధ్యాయములో చెప్పెను. ఆ అధ్యాయము ఉపవాసమును గూర్చినది. కాడి మోయువారిని విడిపించుటయు, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు అందులోనే ఉన్నవి. త్రోవ బాగుచేయుటయు ఆ వరుసలోనిదే. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, పెద్దలును పిల్లలును కలిసి మీ శ్మశానపు బాట కొనవరకు ఒక్కసారి నడిచి చూడుడి.