తోక దీపం చూశాకే లైన్ క్లియర్

మెయిన్‌ఫ్రేమ్ కన్సోల్ ముందు కూర్చున్న ఆపరేటర్ ‘డి నెట్, ఐడీ’ అని కొట్టి పక్కన టెర్మినల్ పేరు చేరిస్తే, దాని స్థితి ఒక పొట్టి మాటలో తెర మీదికి వస్తుంది. ‘యాక్టివ్’ అంటే సిద్ధంగా ఉంది, ‘ఇన్‌యాక్ట్’ అంటే ఆపి ఉంది, ‘నెవాక్’ అంటే అసలు ఒక్కసారీ తెరవలేదు. ఐబీఎం 1974లో ప్రకటించిన ఎస్‌ఎన్‌ఏ నెట్‌వర్క్ పద్ధతిలోనివే ఈ మాటలు. అయితే తెర మీద కనిపించేది టెర్మినల్ అప్పటికప్పుడు పలికిన మాట కాదు. మెయిన్‌ఫ్రేమ్‌లోని వీటామ్ అనే సాఫ్ట్‌వేర్ తన పట్టికలో రాసిపెట్టుకున్న మాట. దూరాన ఉన్నదాని స్థితికీ, దాని గురించి కేంద్రం రాసుకున్న స్థితికీ మధ్య ఉన్న ఈ సందు కంప్యూటర్లతో పుట్టింది కాదు. విశాఖ మన్యం చరిత్రలో అది అంతకుముందే కనిపిస్తుంది. ఆ సందును ఒప్పుకున్న వ్యవస్థ నిలబడింది, లేదనుకున్న వ్యవస్థ దెబ్బతింది.

దెబ్బతిన్నది బ్రిటిష్ ఏజెన్సీ పాలన. గూడెం కొండల్లో ముఠాదారులనే స్థానిక పెద్దలు, సర్కారు ఇచ్చిన సనదు (పట్టా) షరతుల మీద ముఠాలు, అంటే కొన్ని గ్రామాల సముదాయాలు, అనుభవించేవారు. శాంతి కాపాడటం, అలజడి ఉంటే సర్కారుకు కబురు పంపడం ఆ షరతుల్లో భాగం. అంటే కొండల స్థితి కింది అధికారులకు తెలిసేది చాలావరకు వీళ్ల నోటనే. అడవి చట్టాలతో, రోడ్డు పనుల వెట్టితో కొండ జనం నలిగారు. అధికారం తరిగిన ముఠాదారుల్లోనూ అసంతృప్తి పేరుకుంది. కబురు పంపాల్సినవాళ్లే దూరమయ్యాక, కబురు రాకపోవడాన్ని ప్రశాంతత అనుకోవడానికి వీల్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది.

రోడ్లు సరిగా లేని అడవిలో వార్తకు కాలం పట్టిందే తప్ప, ఆలోచనలో తప్పు లేదని వాదించవచ్చు. నిజమే, దూరం జవాబును ఆలస్యం చేస్తుంది. కానీ రాని జవాబును మంచి జవాబుగా చదువుకోమని దూరం చెప్పదు. అందుకు సాక్ష్యం ఆ సందును ఒప్పుకుని నిలబడిన వ్యవస్థ: అవే తూర్పు కనుమల్లో, అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన ఈ లైను, పదుల కొద్దీ సొరంగాలు దాటుతూ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఒంటి లైను ఉన్నచోట ఎదురెదురుగా బండ్లు వస్తే తప్పుకునే చోటు స్టేషనే. త్యాడలో బండి కదలాలంటే ముందున్న చిమిడిపల్లి ‘లైన్ క్లియర్’ ఇవ్వాలి. ముందు వెళ్లిన బండి అక్కడికి పూర్తిగా చేరితేనే అది ఇవ్వగలదు. పూర్తిగా చేరిందనడానికి గుర్తు చివరి పెట్టె మీది బోర్డు, రాత్రయితే తోక దీపం. ఇంజిన్ వచ్చిందన్నది చాలదు. మధ్యలో పెట్టెలు తెగి ఘాటులో ఉండిపోతే ఆ సంగతి చెప్పేది తోక దీపం కనిపించకపోవడమే. మాట పూర్తిగా తెగిపోతే లైను ఖాళీ అనుకోరు. ఇంజినును మెల్లగా ముందుకు పంపి, అవతలి స్టేషనుతో మాట కలుపుకున్నాకే మామూలు రాకపోకలు మొదలవుతాయి.

బండికీ టెర్మినల్‌కీ పోలికేమిటి, ఒకటి తప్పితే ప్రాణాలు పోతాయి, రెండోది తప్పితే ఒక లావాదేవీ ఆగుతుంది కదా అనవచ్చు. నష్టం వేరే, తర్కం ఒకటే. మెయిన్‌ఫ్రేమ్ రూపకర్తలకూ ఇది తెలుసు. అందుకే వీటామ్ స్థితుల్లో ‘పి’ అక్షరంతో మొదలయ్యే పేర్లు కొన్ని పెట్టారు: అడిగాను, జవాబు ఇంకా రాలేదు అని వాటి అర్థం. ‘లేదు’ వేరు, ‘తెలియదు’ వేరు అని పట్టికే ఒప్పుకుంటోందన్నమాట. తర్వాతి కాలపు తెరలు చాలావరకు స్థితులన్నిటినీ పచ్చ, ఎరుపు చుక్కలకు కుదించాక మాయమైంది ఈ మూడో మాటే. ఇవాళ ఏజెన్సీ గూడెంలో రేషన్ యంత్రం సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సి వస్తే, ఆ యంత్రాన్ని కింద ఆఫీసు తెర ఏ రంగులో చూపినా సరే, అడగాల్సింది ఒక్కటే: తోక దీపం చూసినవాళ్లు ఎవరు?