బ్యూరో: ఉన్నిబట్ట నుంచి ఉద్యోగస్వామ్యం దాకా

బ్యూరో ఫ్రెంచి పదం. యూరప్‌లోని ప్రధాన భాషల్లో చాలావాటికి ఇది ఏదో ఒక రూపంలో చేరింది. ఫ్రెంచిలో ఇవాళ దీనికి రాతబల్ల, ఆఫీసు గది, కార్యాలయం, సంఘ కార్యవర్గం అనే అర్థాలున్నాయి. మొదట్లో ఇది ముతక ఉన్నిబట్ట పేరు మాత్రమే. బట్ట పేరు బల్లకు, బల్ల పేరు గదికి, గది పేరు అందులోని ఉద్యోగులకు, చివరికి వాళ్ల పెత్తనానికి పాకింది. ఈ వరుసలో ఒక్కో భాష ఒక్కో దశలో మాటను అందుకుంది. అందుకే ఇరుగుపొరుగు దేశాల్లో సైతం దీని అర్థం ఒకటి కాదు.

పుట్టుక

లాటిన్‌లో బుర్రా అంటే గరుకు ఉన్ని. దాని నుంచి పాత ఫ్రెంచిలో బ్యూర్, బ్యూరెల్ అనే మాటలు వచ్చాయి. మన గొంగడిలా మందంగా, గోధుమ రంగులో ఉండే ఈ బట్టను పేదలు, క్రైస్తవ సన్యాసులు కట్టుకునేవారు. సన్యాసుల అంగీ బట్టను ఫ్రెంచివారు ఇప్పటికీ బ్యూర్ అనే అంటారు. పోర్చుగల్‌లోని ఎష్ట్రేలా కొండల్లో గొర్రెల కాపరుల దుప్పట్లకు వాడే ఉన్నిబట్ట పేరు బురెల్. మాట తొలి అర్థం అక్కడ చెక్కుచెదరకుండా మిగిలింది.

మధ్యయుగంలో లెక్కలు చూసుకునే బల్లల మీద ఈ బట్ట పరిచేవారు. బట్ట పరిచిన బల్లనే క్రమంగా బ్యూరో అనసాగారు.

రాతబల్ల

17, 18 శతాబ్దాల్లో ప్యారిస్ వడ్రంగుల చేతిలో రాతబల్ల రాజసం ఉట్టిపడే కళాఖండమైంది. వాటిలో ప్రసిద్ధమైనది ఫ్రాన్సు రాజు 15వ లూయీ కోసం చేసిన ‘రాజుగారి బ్యూరో’. జాఁ ఫ్రాఁస్వా ఓబెన్ 1760లో దీన్ని మొదలుపెట్టాడు. 1763లో ఆయన చనిపోగా, జాఁ ఆన్రీ రీజెనెర్ 1769లో పూర్తిచేశాడు. దీని మూత గుండ్రంగా వంగి, బల్ల మొత్తాన్నీ కప్పేస్తుంది. తాళంచెవిని పావు చుట్టు తిప్పితే చాలు, మూతతోపాటు సొరుగులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. రాజు కాగితాలు ఇతరుల కంట పడకుండా చేసిన ఏర్పాటిది. ఈ బల్ల నేటికీ వెర్సాయ్ కోటలో ఉంది.

ఇంగ్లండులో బ్యూరో అంటే పైన ఏటవాలు రాతపలక, కింద సొరుగులు ఉన్న బల్ల. అమెరికాలో రాతపలక సంగతి మరుగునపడి, బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టెకే ఆ పేరు స్థిరపడింది. స్వీడిష్‌లోనూ అంతే, బ్యురో అంటే సొరుగుల పెట్టె. మెక్సికో స్పానిష్‌లో బురో అంటే మంచం పక్కన ఉండే చిన్న బల్ల.

కార్యాలయం

బల్లల ముందు గుమాస్తాలు కూర్చునే గదికి కూడా ఫ్రాన్సులో అదే పేరు వచ్చింది. తపాలా కార్యాలయం, పోలింగ్ కేంద్రం, పొగాకు దుకాణం, అన్నింటి పేర్లలోనూ అక్కడ బ్యూరో ఉంటుంది. జర్మన్‌లో బ్యూరో అంటే ఆఫీసు మాత్రమే. రాతబల్లకు వాళ్లు సొంత మాటే వాడతారు. డచ్, రుమేనియన్ భాషల్లో బల్లా అదే, ఆఫీసూ అదే. పోలండ్‌వారు ఆఫీసును బ్యూరో అని, దానికి చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేర్చి బల్లను బ్యుర్కో అని పిలుస్తారు. రష్యాలో పోయిన వస్తువులు అప్పగించే చోటు కూడా బ్యూరోనే.

అంతర్జాతీయ సంస్థల పేర్లలోనూ ఈ మాట నిలిచింది. 1875 నాటి మీటరు ఒప్పందంతో ప్యారిస్ శివార్లలోని సెవ్ర్‌లో అంతర్జాతీయ తూనికలు, కొలతల బ్యూరో ఏర్పడింది.

పెత్తనం

18వ శతాబ్దపు ఫ్రాన్సులో వ్యాపారం చేయాలంటే అడుగడుగునా అనుమతులే. వాణిజ్య శాఖలో పెద్ద అధికారిగా ఉంటూనే వాఁసాఁ ద గూర్నే (1712–1759) ఆ నిబంధనలను ఎదిరించాడు. అధికారం అనే అర్థమున్న గ్రీకు మాటను బ్యూరోకు జోడించి బ్యూరోక్రసీ, అంటే ఉద్యోగస్వామ్యం, అనే పదం పుట్టించింది ఆయనే. ఫ్రాన్సుకు బ్యూరోల పిచ్చి పట్టిందని గూర్నే అంటుండేవాడని ఆనాటి రచయిత బారన్ గ్రిమ్ 1764లో రాశాడు. 1798 నాటి ఫ్రెంచి అకాడమీ నిఘంటువు అనుబంధంలో ఈ పదం చేరింది.

బ్యూరోను ఆఫీసు అర్థంలో తీసుకోని భాషలు కూడా బ్యూరోక్రసీని వదల్లేదు. ఇటాలియన్‌లో ఆఫీసుకు, బల్లకు వేరే మాటలున్నా బురొక్రాత్సియా మాత్రం నిత్యవ్యవహారంలో ఉంది. గ్రీకులు మొదటి సగం తీసేసి, బల్లకూ ఆఫీసుకూ తాము వాడే గ్రాఫియో అనే మాట పెట్టుకున్నారు. రెండో సగం ఎలాగూ వాళ్లదే.

నిందగా పుట్టిన బ్యూరోక్రసీ అనే మాటకు శాస్త్రీయ అర్థం ఇచ్చినవాడు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్. ఆయన మరణానంతరం 1922లో వెలువడిన ‘ఆర్థిక వ్యవస్థ, సమాజం’ గ్రంథంలో ఉద్యోగులు, ఫైళ్లు, సామగ్రి కలిస్తేనే బ్యూరో అన్నాడు. అది ఉద్యోగి ఇంటి నుంచి వేరుగా ఉండటం ఆధునిక పాలనకు గుర్తని వివరించాడు.

రష్యాలో బ్యూరో అనే మాట మరో మెట్టెక్కింది. 1919లో బోల్షివిక్ పార్టీ 8వ మహాసభ తర్వాత పార్టీ రాజకీయ కార్యవర్గమైన పొలిట్‌బ్యూరో శాశ్వత సంఘమైంది. లెనిన్, ట్రాట్‌స్కీ, స్టాలిన్, కామెనెవ్, క్రెస్తిన్‌స్కీ అందులో పూర్తి సభ్యులు. దశాబ్దాలపాటు సోవియట్ దేశంలో అసలు అధికారం ఆ గదిలోనే ఉండేది.

తెలుగులో

తెలుగులోకి ఈ మాట రెండు రూపాల్లో వచ్చింది. మొదటిది బీరువా. ఇక్కడ రాతపని పూర్తిగా పోయి, తలుపులూ తాళమూ ఉండే నిలువు పెట్టె అయింది. పట్టుచీరలు, నగలు, పొలం కాగితాలు దాచుకునేది అందులోనే. తమిళంలో దీన్నే బీరో అంటారు. రెండోది బ్యూరో. పత్రికల జిల్లా బ్యూరోలు, బంగారానికి హాల్‌మార్కు ఇచ్చే భారతీయ ప్రమాణాల బ్యూరో, కమ్యూనిస్టు పార్టీలతోపాటు తెలుగుదేశం పార్టీలోనూ ఉన్న పొలిట్‌బ్యూరో ఇందుకు ఉదాహరణలు. సామానుతో వచ్చిన మాట ఇంటి మాటగా కలిసిపోయింది. పాలనతో, రాజకీయాలతో వచ్చిన మాట పరాయి రూపంలోనే ఉండిపోయింది. రెండూ ఒకే పదమన్న సంగతి మన నిఘంటువుల్లో ప్రముఖంగా కనిపించాలి. వస్తువులు, వ్యవస్థలు ఎవరి ద్వారా, ఏ దారిన మన జీవితంలోకి వచ్చాయో తెలుసుకోవడానికి ఇలాంటి జంట మాటలకు మించిన ఆధారాలు తక్కువ.