జోడేఘాట్ తేదీని వెతకడం ఎలా?

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి జరుపుకుంటాం. కెరమెరి కొండల్లోని గూడేల నుంచి జనం తరలివస్తారు. ఈ మధ్య కెమెరాలతో వచ్చేవాళ్లూ పెరిగారు. మన పిల్లలు కూడా డాక్యుమెంటరీలు తీస్తున్నారు. సంతోషమే. అయితే కెమెరా తెరిచే ముందు చేయవలసిన పని చాలా ఉంది. ఒక్క తేదీనే తీసుకొని చూద్దాం.

భీం 1940లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. ఏ రోజున? కొన్ని వ్యాసాల్లో సెప్టెంబర్ 1 అని ఉంటుంది. కొన్నింట్లో అక్టోబర్ 8. మన పెద్దలు మాత్రం అంకె చెప్పరు, పౌర్ణమి అంటారు. ఆ ఏడాది అక్టోబర్ 1న సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణమంటే అమావాస్య. అక్కడి నుంచి లెక్కపెడితే ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబర్ 16న పడుతుంది. అక్టోబర్ 8న ఉన్నది సగం చంద్రుడే. సెప్టెంబర్ 1 అయితే అమావాస్య ముంగిట, అడవంతా చీకటి. కాబట్టి సెప్టెంబర్ 1నీ పౌర్ణమినీ ఒకే వాక్యంలో కలిపి రాసినవాళ్లు చంద్రుణ్ణి చూసుకోలేదన్నమాట. దీంతో అక్టోబర్ 16 ఖాయమైపోదు. ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది.

వెతకడానికి పోతే ఇంకో చిక్కు. నిజాం కచేరీ కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో మారేది. అంటే సెప్టెంబర్ 1 ఫసలీ 1349లో, అక్టోబర్ 16 ఫసలీ 1350లో పడతాయి. ఒక్క ఏడాది కట్ట విప్పి, లేదని తిరిగొస్తే సగం పనే చేసినట్టు.

ఆ పోరాటం తర్వాతే హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చి, భూముల కష్టాలను నివేదికలుగా రాశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. సాహు, అల్లం రాజయ్య భీం మీద నవల రాశారు. అల్లాణి శ్రీధర్ సినిమా తీశాడు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ కల్పిత కథ. నివేదిక, నవల, కల్పన మూడూ మూడు రకాలు. మూడింటినీ ఒకే సంచిలో వేస్తే రేపటి పిల్లలు సినిమానే చరిత్ర అనుకుంటారు.

అందుకే నోటుబుక్కులో మూడు గడులు గీసుకోవాలి: కళ్లారా చూసినవాళ్లు చెప్పింది, విన్నవాళ్లు చెప్పింది, కాగితంలో ఉన్నది. ప్రతి మాట పక్కన చెప్పినవారి పేరు, ఊరు, ఇంటిపేరు, రికార్డు చేసిన రోజు రాయాలి. గోండిలో చెప్పింది ముందు గోండిలోనే రాసి, తెలుగు అర్థం కింద రాయాలి. పర్ధాన్ కిక్రి వాయిస్తూ చెప్పిన కథలో మనకు అక్కరకొచ్చిన ముక్క ఒక్కటే కోసుకోకుండా, మొత్తం దాచాలి. రెండు మాటలు పొసగకపోతే ఒకదాన్ని కొట్టేయకూడదు, రెండూ ఉంచాలి.

ఇక చివరిది. రికార్డు చేసినదాని నకలు ఆ గూడెంలోనే ఉండాలి. మన తాతల ముఖాలు చూడటానికి లండన్ దాకా పోవాల్సి రావడం ఒక్కసారి చాలు. 1940 నాటి పసిపిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్లు. కచేరీ కట్టలు ఇంకొన్నేళ్లు ఆగుతాయి. వాళ్లు ఆగరు. ముందు వాళ్ల దగ్గరికి పోదాం.