విటమిన్ ‘ఇ’ – ఒక గుమాస్తా నేర్చుకున్న లెక్క

నాకు చక్కెర వ్యాధి వచ్చిన కొత్తలో తోటి పెన్షనరు ఒకరు గుండెకు మంచిదని విటమిన్ ‘ఇ’ మాత్రలు వాడమన్నారు. నా మేలు కోరే చెప్పారు. డాక్టరుగారిని అడగకుండా అయిదేళ్లు మింగాను. విషయం తెలిసిన రోజున ఆయన ఆపించారు. ఎందుకా అని చదివితే తెలిసిన చరిత్ర ఇది.

1922లో అమెరికాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలకు శుద్ధి చేసిన ఆహారం పెట్టి చూశారు. ఎలుకలు బాగానే పెరిగాయి, చూలు కట్టాయి. కాని పిల్లలు దక్కలేదు. లెట్యూస్ ఆకు పెడితే దక్కాయి. 1936లో ఎవాన్స్ బృందం గోధుమ అంకురపు నూనె నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి ‘టోకోఫెరాల్’ అని పేరు పెట్టింది. గ్రీకు మాటలను బట్టి సంతానాన్నిచ్చేదని అర్థం.

ఈ విటమిన్‌కు ఎనిమిది రూపాలున్నాయి. కాలేయంలోని ఒక ప్రోటీన్ వాటిలో ‘ఆల్ఫా’ రూపాన్నే ఏరి రక్తంలోకి పంపుతుంది. మిగిలినవి చాలావరకు పైత్యరసం, మూత్రం ద్వారా పోతాయి. హెడ్ గుమాస్తా తపాలు చూసి ఏది పైకి పంపాలో తేల్చినట్లే! ఆ ప్రోటీన్ తాలూకు జన్యువు చెడితే మామూలు తిండి తిన్నా విటమిన్ నిలవదని, నడక తూలుతుందని 1995లో తేలింది.

పొట్ట, రక్తపోటు, చక్కెర, కొవ్వు కలిసి పెరిగినవారిలో ఈ లెక్క తప్పుతుంది. అటువంటివారి పేగులు ఈ విటమిన్‌ను తక్కువగా గ్రహిస్తున్నట్లు 2015లో అమెరికాలో జరిగిన పరిశీలన చూపింది. పైగా ఇది రక్తంలో కొవ్వుతో కలిసి తిరుగుతుంది. అందువల్ల కొవ్వు ఎక్కువున్నవారి రక్తపరీక్షలో అంకె బాగానే కనిపిస్తుంది. క్యాష్‌బుక్‌లో నిల్వ సరిపోయి, పెట్టెలో సొమ్ము తక్కువైనట్లన్నమాట.

అలాగని మాత్రలు మింగితే సరిపోతుందా? 2000లో వెలువడిన ‘హోప్’ పరిశోధనలో గుండెజబ్బు ముప్పున్న తొమ్మిదివేల పైచిలుకు మందిలో సగం మందికి రోజుకు 400 యూనిట్లు ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. 2005లో వచ్చిన కొనసాగింపు ఫలితాల్లో గుండె బలహీనపడే జబ్బు కొంత పెరిగినట్లు కనబడింది. మధుమేహం లేని కొవ్వు కాలేయ రోగుల్లో కొందరికి మేలు జరిగిందని 2010లో తేలిన మాట నిజమే. అది వైద్యుల పర్యవేక్షణలో జరిగింది.

కనుక మిత్రులారా, వేరుశనగ, బాదం, ఆకుకూరలు మితంగా తినండి. చక్కెరను అదుపులో ఉంచుకోండి. మాత్ర కొనేముందు డాక్టరుగారిని ఒక్కమాట అడగండి. ఆ ఒక్కమాట అడగడానికి నాకు అయిదేళ్లు పట్టింది.