పూలలోయకు దారి వేసినవాళ్లు

బదరీనాథ్ వెళ్లే తెలుగు యాత్రికుల బస్సు జోషీమఠ్ దాటాక సుమారు ఇరవై కిలోమీటర్లకు గోవిందఘాట్ వస్తుంది. చాలా బస్సులు అక్కడ ఆగవు, ఆగినా టీ కోసమే. కింద అలకనంద మీద వంతెన, దాని అవతల కొండల మధ్యకి చొచ్చుకుపోయే ఒక పక్కలోయ. భ్యూందార్ లోయ అంటారు దాన్ని. ఆ లోయలోకి నడిచి, పైన ఘాంఘరియా అనే చిన్న మజిలీలో రాత్రి పడుకుని, తెల్లారి మూడు నాలుగు కిలోమీటర్లు వెళితే పూలలోయ. లోకానికి తెలిసిన పేరు ‘వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్’.

గొప్ప పర్వతాల నడుమ నడకకు ఇంత తేలికైన చోటు హిమాలయాల్లో అరుదు. తాళ్లక్కర్లేదు, మంచుగొడ్డళ్లక్కర్లేదు. ఘాంఘరియా 3,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మొదట కాసేపు నిట్టూర్పులు పెట్టించే ఎక్కుడు ఉన్నా, అది దాటాక దారి మెల్లగా, పచ్చిక మీదుగా సాగుతుంది. బడిపిల్లలూ నడుస్తారు, అరవై దాటినవాళ్లూ నడుస్తారు. చుట్టూ చూస్తే మాత్రం ఆరు వేల మీటర్లు దాటిన శిఖరాలు, వాటి ఒళ్లోంచి జారే హిమానీనదాలు.

ఇలాంటి చోట ఇంత సులువైన దారి ఎలా కుదిరింది? కొంత కొండే ఇచ్చింది. ఒకప్పుడు ఈ లోయ నిండా ఉన్న హిమానీనదం నేలను అడుగున వెడల్పుగా, చదునుగా కోరి వెళ్లింది. ఇప్పుడు అది తిప్రా హిమానీనదంగా ఎగువకు కుంచించుకుపోయింది. అక్కడ పుట్టిన పుష్పవతి నది ఆ చదును నేల మీదుగా పారుతుంది. కానీ ఆ నేల దాకా మనిషిని తీసుకొచ్చే దారిని మనుషులే వేశారు. వాళ్లలో కొందరి పేర్లు పుస్తకాలకెక్కాయి. ఎక్కువమందివి ఎక్కలేదు.

మొదటివాళ్లు పశువుల కాపరులు. భ్యూందార్ వాసులకు రెండు ఊళ్లుండేవి. చలికాలం దిగువన పుల్నాలో, వేసవి ఎగువన భ్యూందార్‌లో. మంచు కరగగానే గొర్రెలూ మేకలూ గేదెలూ వెంటరాగా పై పచ్చికబయళ్లకు తరలేవారు. గఢ్వాల్‌లో ఆ పచ్చికబయళ్లను బుగ్యాళ్లంటారు. నిట్టనిలువు వాలు ఎదురైతే మంద సూటిగా ఎక్కదు, అడ్డంగా తిరిగి, మళ్లీ మళ్లీ మలుపు తీసుకుని ఎక్కుతుంది. తరాల పాటు ఆ గిట్టల కింద అణిగిన నేలే కాలిబాట అయింది. ఈనాటి నడకదారి మలుపులు చూసినవాళ్లకు ఆ పాత లెక్క ఇట్టే తెలిసిపోతుంది.

పూలు విరబూసే చోట్ల గురించి గఢ్వాలీలకు ఒక భయమూ ఉండేది. అక్కడ ‘ఆఛరులు’ తిరుగుతారని, రంగుబట్టలు కట్టినవాళ్లను, గట్టిగా పాడేవాళ్లను ఎత్తుకుపోతారని చెప్పుకునేవారు. అప్సరసకు మన పాత తెలుగులో ‘అచ్చర’ అన్న మాట ఉంది. ఒకే సంస్కృత పదం రెండు దూరదేశాల్లో దాదాపు ఒకేలా అరిగింది. మహాభారతం చదివినవాళ్లకు ఈ కొండల్లో మరో తెలిసిన జాడ కూడా దొరుకుతుంది. గోవిందఘాట్ పక్కనే పాండుకేశ్వర్, ఇంకాస్త పైన హనుమాన్‌చట్టి. సౌగంధిక పుష్పం కోసం బయల్దేరిన భీముడికి తోక అడ్డంపెట్టి హనుమంతుడు కనిపించింది అక్కడేనని స్థానికుల నమ్మకం.

1931 జూన్ 21న బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం గఢ్వాల్‌లోని కామెట్ శిఖరం ఎక్కింది. 7,756 మీటర్లు. అంతకు ముందు మనిషి కాలుపెట్టిన శిఖరాల్లో అంత ఎత్తైనది లేదు. తిరుగుప్రయాణంలో వాళ్లు తూర్పున ధౌలీ గంగ వైపు నుంచి భ్యూందార్ కనుమ దాటి, వానలో, మంచుపొగలో ఈ లోయలోకి దిగారు. దారి తప్పి వచ్చి పడ్డారని తరచు రాస్తుంటారు. అది కథకు రుచి కోసం కలిపిన ఉప్పు మాత్రమే. వాళ్లు కోరి, ముందే తెలిసిన కనుమనే దాటారు. ఆశ్చర్యపరిచింది దారి కాదు, దిగాక పాదాల కింద పరుచుకున్న పూలు. బృందంలో మొక్కలు బాగా తెలిసిన హోల్డ్స్‌వర్త్ ఉండటంతో ఆ చూపుకు పేర్లూ దొరికాయి.

స్మైత్ ఆ చోటును మరిచిపోలేదు. 1937లో డార్జీలింగ్ షెర్పాలను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి శిఖరాలు కాస్త పక్కకు జరిగాయి. గుడారం వేసుకుని, వానలకు ముందు పూసేవేవో వానల్లో పూసేవేవో గమనిస్తూ, విత్తనాలు పోగుచేశాడు. 1938లో ‘వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్’ అన్న అతని పుస్తకం అచ్చయింది. లోయకు దాని పేరే స్థిరపడింది. ఇప్పుడు హిందీలో అనే ‘ఫూలోం కీ ఘాటీ’ కూడా ఆ ఇంగ్లీషు పేరు వెంట నడిచిందే. ఊరివాళ్ల భ్యూందార్ ఆ పేరు నీడలోకి పోయింది.

ఆ మరుసటి ఏడే, 1939లో, జోన్ మార్గరెట్ లెగ్ అనే మహిళ మొక్కలు సేకరించడానికి బ్రిటన్ నుంచి ఒంటరిగా వచ్చింది. వయసు యాభై నాలుగు. జూలై 4న వాలు మీద కాలుజారి పడి చనిపోయింది. ఆమెను లోయలోనే సమాధి చేశారు. తర్వాత ఆమె సోదరి వచ్చి రాతిపలక పెట్టించింది. నేటి నడకదారి నుంచి ఒక పాయ ఆ సమాధి దాకా వెళుతుంది. చాలామంది నడకరులకు లోయలో చేరాల్సిన గురుతు అదే. తేలికైన దారి మీద కూడా కాలు చూసుకుని వెయ్యాలని ఆ పలక దగ్గర నిలబడ్డవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే ఘాంఘరియా దాకా వెడల్పాటి రాతిదారి పడిందంటే అది పూలవల్ల కాదు, స్మైత్ వల్ల అసలే కాదు. అది సిక్కు భక్తుల పట్టుదల. గురు గోవింద్ సింగ్ తన పూర్వజన్మలో తపస్సు చేసినట్టు ‘బచిత్ర నాటక్’ గ్రంథం చెప్పే హేమకుంట్ కోసం, ఏడు శిఖరాల నడుమనున్న ఆ చోటు కోసం, సంత్ సోహన్ సింగ్ 1930ల్లో ఈ కొండల్లో వెతికాడు. భ్యూందార్ వాసులు లోక్‌పాల్ అని కొలుచుకునే సరస్సు దగ్గర ఆయన వెతుకులాట ముగిసింది. ఒడ్డున అప్పటికే లక్ష్మణుడి గుడి ఉంది. సైన్యంలో పనిచేసిన మోదన్ సింగ్ తోడయ్యాడు, పంజాబీ కవి భాయీ వీర్ సింగ్ డబ్బు సాయం చేశాడు. 1936 నాటికి సుమారు 4,300 మీటర్ల ఎత్తున, పదడుగుల పొడవూ పదడుగుల వెడల్పూ ఉన్న చిన్న గురుద్వారా లేచింది. గుడారంలో స్మైత్ పూలు లెక్కపెట్టుకుంటున్న ఏడాది కూడా దాదాపు అదే. పక్కపక్క లోయలు, రెండు వేర్వేరు వెతుకులాటలు.

ఘాంఘరియాలో బస కట్టకముందు మోదన్ సింగ్ అక్కడ ఒక పెద్ద చెట్టు తొర్రలో తలదాచుకునేవాడని చెబుతారు. దశాబ్దాలు గడిచేకొద్దీ భక్తులు పెరిగారు, బాట వెడల్పయింది, రాళ్లు పరిచారు, మలుపులకు గోడలు కట్టారు. ఘాంఘరియా గోవింద్ ధామ్ కూడా అయింది. పూలు చూడటానికి వచ్చేవాడు ఈనాటికీ చివరి మూడు నాలుగు కిలోమీటర్లు తప్ప మిగతా దారంతా భక్తుల దారినే నడుస్తాడు. గురుద్వారాలోనే అన్నం తింటాడు, చాలాసార్లు అక్కడే పడుకుంటాడు. ప్రకృతి ప్రేమికుల యాత్రావ్యాసాల్లో ఈ ఋణం గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం సరి కాదు.

మోటారు రోడ్డు కథ క్లుప్తం. 1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు కోసం రోడ్లు వడివడిగా పైకెక్కాయి. ఋషీకేశ్ నుంచి వారాల తరబడి నడిచిన బదరీ యాత్ర రెండు రోజుల బస్సు ప్రయాణమైంది. గోవిందఘాట్ నడకకు మొదటి మెట్టుగా మారింది. అదే యుద్ధం టిబెట్‌తో వర్తకాన్ని తెంచేసి, దాని మీద ఆధారపడ్డ ఎగువ లోయల్లోని భోటియా కుటుంబాల బతుకు దెబ్బతీసింది.

1982లో ఈ లోయను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన ఉన్న నందాదేవి కూడా అదే ఏడు ఉద్యానవనమైంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. నందాదేవి చుట్టూ శిఖరాల కోట. లోపలికి ఋషిగంగ కొండగొంతు ఒక్కటే తోవ. 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ ఆ తోవ దొరకబుచ్చుకునేదాకా లోపలి నేల బయటి పర్వతారోహకులకు అందలేదు. 1970ల్లో ఆరోహక బృందాలు ఎగబడి చెత్త పేరుకోవడంతో దాన్ని మూసేశారు. పూలలోయను మాత్రం పగటి నడకకు తెరిచి ఉంచారు. యునెస్కో 1988లో నందాదేవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చి, 2005లో పూలలోయను దానికి జతచేసింది. ఒకటి దుర్గమమైన కరకు సౌందర్యానికి, మరొకటి సుతిమెత్తని అందానికి అన్నట్టు రెంటినీ జంటగా చూసింది.

నడకరులకు తెరిచిన తలుపు మందలకు మూతపడింది. 1983 నుంచి లోయలో మేత నిషేధం. గుడారాలు వెయ్యకూడదు, చీకటిపడేలోగా బయటికి రావాలి, టికెట్టు ఉండాలి. ఈ నియమాల్లో చాలావాటికి గట్టి కారణాలున్నాయి. వారంలో వేలమంది గుడారాలు వేస్తే ఆ పచ్చిక నిలవదు. కానీ దారి వేసిన మందకే ఆ దారిలో చోటు లేకుండా పోయిందన్న మాట కూడా నిజమే.

ఆ తర్వాత జరిగింది శాస్త్రవేత్తలనూ వాదనలోకి దింపింది. లోయలో కొన్ని చోట్ల పాలీగోనమ్ అనే మొక్క దుబ్బులు దుబ్బులుగా లేచి, చిన్న పూలమొక్కలకు వెలుతురు అందకుండా కమ్మేసింది. అది విదేశీ కలుపు కాదు, హిమాలయాల మొక్కే. గొర్రెలు లేకపోవడం వల్లే ఇది పెచ్చరిల్లిందని ఊరివాళ్లూ, కొందరు పరిశోధకులూ అన్నారు. భారత వన్యప్రాణి సంస్థ తరఫున 1990ల్లో ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన చంద్రప్రకాశ్ కాలా మేత నిషేధాన్ని తప్పుపట్టే ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. లోయలో ఐదు వందలకు పైగా మొక్కజాతుల్ని నమోదుచేసి, పూలు తగ్గిపోతున్నాయన్న మాటకు ఆధారం చాలదన్నాడు. అటవీశాఖ ఏటా కూలీలను పెట్టి ఆ దుబ్బులు పీకిస్తూనే ఉంది. ఒకప్పుడు మేకలు ఊరికే చేసిన పనో కాదో తేలలేదు గానీ, ఇప్పుడది కూలి ఇచ్చి చేయించే పని అయింది.

తెలుగు ఇళ్ల పెరళ్లలో రాత్రిపూట పూసే తెల్లపువ్వును బ్రహ్మకమలమని చుట్టుపక్కలవాళ్లను పిలిచి చూపిస్తారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన జెముడుజాతి మొక్క. అసలు బ్రహ్మకమలం హేమకుంట్ దారిలో నాలుగు వేల మీటర్ల దగ్గర రాళ్ల మధ్య, లేత పసుపుపచ్చ కాగితం మడతల్లాంటి రేకుల లోపల దాగి పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం అదే. దారి సులువయ్యేకొద్దీ దాన్ని కోసుకుపోయే చేతులూ పెరిగాయి.

యాత్రికులు వదిలిన ప్లాస్టిక్ సీసాలు, వానకోట్లు, కంచరగాడిదల పేడ ఒక దశలో ఘాంఘరియా బాటను కంపు కొట్టించాయి. ఈ శతాబ్ది మొదట్లో ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి, అటవీశాఖతో కలిసి ఆ చెత్తనంతా మూటలుకట్టి కిందికి దింపడం మొదలెట్టారు. మేత పోయిన ఊరికి దారే జీవనాధారమైంది. దుకాణం, గుర్రం, కండీ. కండీ అంటే వీపున కట్టుకునే వెదురు గంప. నడవలేని ముసలివాళ్లను, పసిపిల్లలను అందులో కూర్చోబెట్టుకుని మోస్తారు. ‘తేలికైన నడక’ అన్న మాట ఆ వీపులకు వర్తించదు.

2013 జూన్ 16, 17 తేదీల వరద ఈ చరిత్రనంతా ఒక్క ఊపులో తుడిచినంత పని చేసింది. గోవిందఘాట్ దగ్గర వంతెన కొట్టుకుపోయింది. పార్కింగులోని వాహనాలు అలకనందలో కలిశాయి. భ్యూందార్ ఊళ్లో చాలా ఇళ్లు నీళ్లపాలయ్యాయి. పాతబాట పొడుగునా ఏటిగట్టు కోసుకుపోయింది. కొత్తబాటను చాలాచోట్ల కొండ పైవరసలో తొలిచి వేయాల్సి వచ్చింది. ఇప్పుడు జీపులు పుల్నా దాకా వెళుతున్నాయి. నడక ఆ మేరకు తగ్గింది.

ఇంకా తగ్గబోతోంది. గోవిందఘాట్ నుంచి హేమకుంట్ దాకా 12.4 కిలోమీటర్ల రోప్‌వేకు కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. ఖర్చు అంచనా 2,730 కోట్లు. గంటకు ఒక్కో వైపు 1,100 మందిని చేరవేస్తుందట. మోకాళ్లు నొప్పెట్టే పెద్దవాళ్లకు అది పెద్ద మేలే, కాదనడానికి లేదు. అయితే మెల్లగా నడుస్తూ ఎత్తుకు అలవాటుపడే ఒళ్లు ఇక నిమిషాల్లో 4,300 మీటర్లకు చేరితే ఏమవుతుందో, కండీలు మోసే ఊరికి ఏం మిగులుతుందో ఆలోచించి తీరాల్సిన విషయాలు. ఆమోదం వచ్చిన ఆ మార్చిలోనే గోవిందఘాట్ వంతెన కొండచరియ పడి మళ్లీ కూలింది.

ఉద్యానవనం గేటు ఏటా జూన్ 1న తెరుస్తారు, అక్టోబరు 31న మూస్తారు. గేటు తెరవడానికి కొన్ని వారాల ముందే అటవీ సిబ్బంది, ఊరి కూలీలు పారలతో పైకి వెళతారు. హిమపాతాలు దారికడ్డంగా పోసిన మంచుగుట్టలను తొలుస్తారు. శీతాకాలంలో విరిగిన చిన్న వంతెనల చోట వాగుల మీద మళ్లీ దుంగలు వేస్తారు. జారిన మలుపులకు రాళ్లు పేర్చి నిలబెడతారు. జూన్ మొదటి వారంలో ఆ లోయలోకి అడుగుపెట్టేవాడి బూటు పడేది ఆ రాళ్ల మీదే. పూలు అప్పటికింకా మొగ్గల్లోనే ఉంటాయి.