సంచిలో తెచ్చుకున్న జీవశాస్త్రం

మా తరంలో కాలేజీకి వెళ్ళి బీఎస్సీ చదివిన ఆదివాసీ టీచర్లు తక్కువ. ఇంటర్ కాగానే టీటీసీ, అది కాగానే డీఎస్సీ. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3 వల్ల మాకు ఉద్యోగాలు దొరికాయి. (2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ సంగతి ఇంకో వ్యాసం రాయాలి.) ఉద్యోగం వచ్చింది, చదువు ఆగింది. ఇంటర్‌లో బైపీసీ చదివి అక్కడే ఆగిపోయిన ఆరుగురం, శబరి ఒడ్డు గూడేల బడుల్లో పనిచేస్తూ, ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్సీకి చేరాం.

ఆ యూనివర్సిటీ ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి. ఇంటి దగ్గర ఉండి డిగ్రీ చదివే కరస్పాండెన్స్ కోర్సులు మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలయ్యాయి. పదేళ్ళకు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ కూడా మొదలుపెట్టింది. కాలేజీ మెట్టు ఎక్కనివాళ్ళ కోసమే అంటూ ఒక యూనివర్సిటీ రావడం మాత్రం 1982లో, హైదరాబాదులో. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. దాన్ని నడిపిన జి. రాంరెడ్డి గారినే 1985లో ఢిల్లీలో పెట్టిన ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకున్నారు. 1991లో, అంబేడ్కర్ శతజయంతి రోజుల్లో, మన యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు. బడి బయట కూర్చుని చదువుకున్న మనిషి పేరు, బడి బయట ఉండి చదివేవాళ్ళ యూనివర్సిటీకి.

స్టడీ సెంటర్‌లో ఇచ్చిన పుస్తకాల కట్టను బియ్యం సంచిలో వేసుకుని, బస్సు దిగి, పడవ దాటి తెచ్చుకున్నాం. పుస్తకాలు తెలుగులోనే ఉన్నాయి. కానీ ఇంట్లో కోయ మాట్లాడే మాకు ఆ తెలుగు ఇంకో భాష. సమవిభజన, క్షయకరణ విభజన, యుగ్మ వికల్పం... రాత్రి లాంతరు దగ్గర ఒకరు చదివితే ఇంకొకరు కోయలో చెప్పేవాళ్ళం. కోయలోకి రాని మాట దగ్గర ఆగేవాళ్ళం. అర్థం కాలేదని అప్పుడే తెలిసేది.

వృక్షశాస్త్రంలో మొక్కల శాస్త్రీయ నామాలు బట్టీ పడుతున్నప్పుడు మాకో సందేహం వచ్చింది. తునికి చెట్టు పేరు డయోస్పైరాస్ మెలనోక్సైలాన్. దాని చివర 'రాక్స్‌బ్.' అని ఉంది. వేగిస చెట్టు పేరు చివరా అదే. ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కట్టి కళ్ళంలో అమ్మిన చేతులు మావి. చివర ఉన్న ఈ మనిషెవరు?

మా కౌన్సిలరు సారు చెప్పారు. విలియం రాక్స్‌బర్గ్, ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1780లలో మన రంపకొండలకు దిగువన ఉన్న సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించాడు. వాటి బొమ్మలు ఇక్కడి చిత్రకారులతో వేయించాడు. అవి 1795 నుంచి లండన్‌లో పెద్ద పుస్తకాలుగా అచ్చయ్యాయి. రాజమండ్రి సర్కారు కొండల్లో దొరికే సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని, ఖరీదైన సింకోనా బదులు వాడవచ్చని అతను కంపెనీకి రాశాడు. ఆ చెట్టుకు ఇప్పుడున్న పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. ముందు మాట స్థానికులు పిలిచిన పేరే, వెనక మాటకు జ్వరాన్ని తరిమేది అని అర్థం. చెట్టు పిలుపు పుస్తకంలో మిగిలింది. ఆ పిలుపు చెప్పినవాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. రాక్స్‌బర్గ్ పని తక్కువదని మేము అనం, అంత ఓపిక అందరికీ ఉండదు. అయితే ఆ రోజు నుంచి ప్రతి శాస్త్రీయ నామం పక్కన కోయ పేరు రాసుకోవడం మొదలుపెట్టాం.

ప్రాక్టికల్స్ మమ్మల్ని ఓడించాయి. ఉల్లి వేరు కొనలో కణం విడిపోవడం సూక్ష్మదర్శినిలో చూడాలంటే పట్నంలో రోజుల తరబడి ఉండాలి. బడికి సెలవు దొరకదు, వానాకాలం రేవు దాటలేం. ఆరుగురిలో ఇద్దరే పట్టా తెచ్చుకున్నారు. ఈ వ్యాసం రాసే చేతికి ఇప్పటికీ టీటీసీయే.

పట్టా లేకపోయినా చదివింది పోలేదు. మా బడిలో ఒక పిల్లాడికి మాటిమాటికీ కీళ్ళు నొప్పులు, కళ్ళు పచ్చబడటం. వడ్డె పూజ చేశాడు. తల్లి పుట్టింటి దోషమని కొందరన్నారు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు చేసి కార్డులు ఇచ్చారు. పిల్లాడికి జబ్బు ఉంది, తల్లికీ తండ్రికీ జబ్బు లేదు, ఇద్దరూ వాహకులు. కార్డు చదివిపెట్టమని మా దగ్గరికి వచ్చారు.

మెండల్ పాఠంలోని నాలుగు గళ్ళను పలక మీద గీశాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు. దోషం ఒక్క తల్లిది ఎలా అవుతుంది? వాహకులకు మలేరియా అంత తీవ్రంగా రాదని 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చూపాడు. మలేరియా కొండల్లో తరాలుగా బతికిన మన రక్తంలో ఇది నిలవడానికి కారణం అదే. ఒకప్పుడు పిల్లల్ని కాపాడిన గుణమే, రెండు వైపుల నుంచీ కలిసినప్పుడు బాధ పెడుతోంది. ఇదంతా కోయలోనే చెప్పాం. ఈసారి ఎక్కడా ఆగలేదు.

తండ్రి చాలాసేపు పలక చూశాడు. తల్లి మాత్రం ఒకటే అడిగింది: "నాలుగింట్లో ఒక గడి అయిపోయింది గదా సారూ, ఇంక పుట్టే ముగ్గురూ బాగుంటారా?" అలా కాదమ్మా, ప్రతి కానుపుకూ నాలుగు గళ్ళూ మళ్ళీ మొదటి నుంచే అని చెప్పి, పలక తుడిచి ఇంకోసారి గీశాం.